గోడ వెనుక నీరు: అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల నేలమాళిగ గోడలు, పగుళ్లు, మరమ్మతులు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

హైదరాబాదు నగర మధ్యభాగంలోని అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల వాణిజ్య భవనాల్లో నేలమాళిగ, అంటే వాడుకలో సెల్లార్, సాధారణమైన అంగం. ఈ నేలమాళిగల గోడలు పగలడం, లోపలికి ఉబ్బడం, ఒరగడం తరచు కనిపించే సమస్యలు. వీటిని కేవలం నిర్మాణలోపాలుగా కాక, ఈ ప్రాంతపు నేలకూ నీటికీ మనిషికీ మధ్య మారుతూ వచ్చిన సంబంధానికి ఆనవాళ్లుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. చెరువుకట్ట, దిగుడుబావి వంటి పూర్వపు కట్టడాలు నీటికి దారి ఉంచి నిలిచాయని, నేటి సెల్లార్ గోడ ఆ దారిని మూసి నిలవాలని చూస్తోందని, కనుక పగులు పూడ్చడం కంటే ముందు నీటి దారిని తిరిగి తెరవడమే అసలైన మరమ్మతు అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నేలమాళిగ, సెల్లార్, పునాది, మొరం, జాలు, తూము, అమీర్‌పేట, పంజగుట్ట, నగరచరిత్ర.

1. ఉపోద్ఘాతం

నగరచరిత్రను రాసేవారి చూపు సాధారణంగా భూమికి పైనున్న వాటి మీదనే నిలుస్తుంది. కోటలు, దేవిడీలు, వంతెనలు, మినార్లు చరిత్రకు ఎక్కాయి. భూమి కింద ఉన్నవి ఎక్కలేదు. అయితే అమీర్‌పేట వంటి చోట నగరజీవితంలో చెప్పుకోదగిన భాగం భూమట్టానికి దిగువనే సాగుతుంది. వాహనాలు నిలిపేది అక్కడ, జనరేటర్ ఉండేది అక్కడ, కాపలాదారు కుటుంబం నిద్రించేది అక్కడ. నిబంధనలకు విరుద్ధంగా దుకాణాలు, చదువుకునే గదులు నడిచిన సందర్భాలూ ఉన్నాయి.

పోటీపరీక్షలకు సిద్ధమవుతున్న రోజుల్లో నేను అమీర్‌పేటలో అటువంటి ఒక చదువుల గదిలో కొన్ని నెలలు కూర్చున్నాను. పడమటి వైపు గోడకు నడుము ఎత్తున ఒక అడ్డ పగులు ఉండేది. ఏటా తొలకరికి ముందు దాని మీద సిమెంటు పూసి సున్నం వేసేవారు. శ్రావణం నాటికి అదే చోట మళ్లీ గీత తేలేది. గోడ కొద్దిగా ముందుకు ఉబ్బిందని పక్కన పెట్టిన పుస్తకాల బీరువా చెప్పేది. కిందా పైనా గోడకూ బీరువాకూ మధ్య వేలు పట్టే సందు ఉండేది, మధ్యలో మాత్రం బీరువా గోడకు ఒరుసుకునేది. రాత్రి కాపలా ఉండే కుర్రవాడు ఆ గోడ పక్కనే చాప వేసుకుని పడుకునేవాడు. ఆ పగులు ఏమి చెబుతోందని అప్పుడు మాలో ఎవరమూ అడగలేదు. ఆలస్యంగానైనా ఆ ప్రశ్న వేయడమే ఈ వ్యాసానికి మూలం.

2. మాటలు చెప్పే చరిత్ర

తెలుగులో కట్టడపు అడుగుభాగానికి ‘అస్తివారం’ అనే పాత మాట ఉంది. నేడు అందరం వాడే ‘పునాది’ పారసీకం నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన మాట. తెలంగాణ పలుకుబడిలోని ‘బునాది’ ఆ మూలరూపానికి మరింత దగ్గర. భూమి కింది గదికి ‘నేలమాళిగ’ అన్నది తెలుగు పేరు, ‘తహ్‌ఖానా’ అన్నది దక్కనీ పేరు. పల్లెల్లో ధాన్యం దాచుకునే గొయ్యి ‘పాతర’. పాతరకు మెరక, పొడినేల చూసి చోటు ఎంచుకునేవారు. నీరు చేరే చోట పాతర తీయరాదన్నది రైతుకు చెప్పనక్కరలేని సంగతి.

‘సెల్లార్’ ఆంగ్లం నుంచి వచ్చింది. ఆ భాషలో దాని తొలి అర్థం సరుకు దాచే కొట్టు. హైదరాబాదు వాడుకలో అది వాహనాలు నిలిపే చోటుకు పేరైంది. ఈ అర్థపరిణామంలో ఒక ముఖ్యమైన మార్పు దాగి ఉంది. పాతరకు చోటును నేల నిర్ణయించేది. సెల్లార్‌కు చోటును స్థలం ధర, వాహనాల లెక్క నిర్ణయిస్తాయి. నేల స్వభావం తరవాతి ప్రశ్న అయింది.

ఇక్కడ ప్రస్తావించదగిన మరో మాట ‘జాలు’. చెరువు కింది పొలాల్లో అడుగునుంచి ఊరి నిలిచే చెమ్మను తెలంగాణ రైతులు జాలు అంటారు. ‘జాలు పట్టిన నేల’ అంటే పైన ఎండినట్టు కనిపించినా లోపల నీరు వదలని నేల. సెల్లార్ గోడల సమస్యను చెప్పడానికి ఇంతకంటే తగిన మాట దొరకదు.

3. గుట్ట, నాలా, బండ: ప్రాంతపు నేల

హైదరాబాదు నేల గ్రానైటు నేల. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి శిలలు నగరం అడుగున ఉన్నాయి. ఈ శిల పైనుంచి కిందికి ఒకే తీరుగా ఉండదు. పైన ఎర్రమట్టి, దాని కింద శిల శిథిలమై ఏర్పడిన మొరం, ఆ కింద పగుళ్లతో కూడిన రాయి, అడుగున గట్టి బండ ఉంటాయి. ఒక్కో చోట బండ భూమి మీదికే తేలుతుంది. కొద్ది గజాల దూరంలో పది పన్నెండు అడుగుల లోతు వరకు మొరమే ఉండవచ్చు. పల్లపు చోట్ల, పాత కుంటల అడుగున నల్లమట్టి, ఒండ్రు తగులుతాయి.

స్థలనామాలు ఈ నైసర్గిక స్వరూపాన్ని నేటికీ పలుకుతున్నాయి. పంజగుట్టలో గుట్ట ఉంది. దాని పక్కనే ఉన్న ఎర్రమంజిల్ భవనానికి ‘ఇరం మంజిల్’ అని పేరు పెట్టడానికి అది కట్టిన ఎర్రగుట్టే కారణమని చెబుతారు. పడమట బంజారాహిల్స్ మెరక, తూర్పున హుస్సేన్‌సాగర్ పల్లం. ఈ రెంటి మధ్య వాలులో పంజగుట్ట, అమీర్‌పేట ఉన్నాయి. కొండల మీద కురిసిన వాన నాలాల ద్వారా సాగరానికి చేరడం ఈ వాలు సహజధర్మం. బల్కంపేట, బేగంపేటల మీదుగా సాగే కూకట్‌పల్లి నాలా సాగరానికి నీరు తెచ్చే కాలువల్లో ముఖ్యమైనది.

నాలాలో కనిపించే నీరు ఒక భాగం మాత్రమే. మరో భాగం మొరంలోకి ఇంకి, అడుగునున్న గట్టి బండను దాటలేక, ఆ బండ మీదుగా పల్లానికి నడుస్తుంది. ఈ ప్రాంతంలో తరచు వినిపించే ఒక వైరుధ్యానికి ఇదే సమాధానం. వేసవిలో వందల అడుగుల బోరు ఎండిపోతుంది, అదే ఇంటి సెల్లార్‌లో మోటారుతో నీరు తోడవలసి వస్తుంది. బోరు వెతికేది బండ లోపలి పగుళ్లలోని నీటిని, సెల్లార్‌లోకి వచ్చేది బండ మీద నిలిచిన జాలును.

4. దారి ఉంచిన కట్టడాలు

నీటికి ఎదురుగా నిలిచే గోడ ఈ నగరానికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్ గట్టు అటువంటిదే. చెరువుకట్ట నిర్మాణంలో మూడు అంగాలు విడదీయరానివి: కట్ట, తూము, మత్తడి. కట్ట నీటిని ఆపుతుంది. తూము కావలసినంత వదులుతుంది. మత్తడి మితిమీరినది పంపేస్తుంది. తూము, మత్తడి లేని కట్టను మన పూర్వులు ఊహించలేదు. కట్ట నుంచి తేటనీరు ఊరితే ఓర్చుకునేవారు, మట్టినీరు వస్తే ఊరంతా కదిలేది. మట్టినీరు వస్తోందంటే కట్ట లోపల కరుగుతోందని అర్థం. ఈ విచక్షణ నేటి సెల్లార్ గోడకూ అక్షరాలా వర్తిస్తుంది.

దిగుడుబావి మరో ఉదాహరణ. 2022లో పునరుద్ధరించిన సికింద్రాబాదు బన్సీలాల్‌పేట మెట్లబావిలో రాతిగోడలు చుట్టూ ఉన్న నేలను ఆపుతాయి, ఆ నేలలోని నీటిని మాత్రం లోపలికి రానిస్తాయి. నీరు రావడం అక్కడ లోపం కాదు, కట్టడపు ప్రయోజనమే అది. అమీర్‌పేటను ఆనుకున్న బల్కంపేట ఎల్లమ్మ ఆలయంలో అమ్మవారి మూర్తి భూమట్టానికి సుమారు 10 అడుగుల దిగువన, బావిలో ఉంది. అక్కడి ఊటనీటిని భక్తులు తీర్థంగా స్వీకరిస్తారు. భక్తి విషయం అలా ఉంచి, నేల గురించి ఈ ఆలయం ఒక సాక్ష్యం ఇస్తోంది. ఈ పరిసరాల్లో పది అడుగులు తవ్వితే ఊట ఎదురుకావచ్చునని ఇక్కడి ప్రజలకు తరతరాలుగా తెలుసు.

5. సెల్లార్ల కాలం

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాలతో నగరం తన నీటి వ్యవస్థను పునరాలోచించుకుంది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. ఆ ఆలోచన ప్రధానంగా నదిని గురించినది. సాగరానికి పడమట ఉన్న మెరకలు అప్పటికి నగరం కావు.

ఈ ప్రాంతం వాణిజ్యకేంద్రంగా మారడం 20వ శతాబ్దపు చివరి దశాబ్దాల పరిణామం. 1975లో ఏర్పడిన హుడా అమీర్‌పేటలో నిర్మించిన మైత్రీవనం, స్వర్ణజయంతి సముదాయాలు, వాటి చుట్టూ పెరిగిన కంప్యూటర్ శిక్షణకేంద్రాలు, వసతిగృహాలు ఈ మార్పుకు గుర్తులు. 2017 నవంబరులో మెట్రోరైలు రావడంతో అమీర్‌పేట రెండు మార్గాలు కలిసే కూడలి అయింది. స్థలం ధర పెరిగింది. వాహనాలకు చోటు భూమి కిందనే వెతకవలసి వచ్చింది.

పాత భవనాల సెల్లార్ గోడలు మూడు రకాలుగా కనిపిస్తాయి. రాతికట్టుబడి గోడలు మొదటి రకం. స్తంభాల మధ్య 9 అంగుళాల ఇటుకతో నింపిన గోడలు రెండో రకం. ఇనుము వేసి పోసిన కాంక్రీటు గోడలు మూడో రకం. వీటిలో రెండో రకం అత్యంత బలహీనమైనది. గదులను వేరుచేయడానికి సరిపోయే గోడను నేలను ఆపడానికి నిలబెట్టడమే అందుకు కారణం.

నిబంధనలు ఆలస్యంగానైనా ఈ సమస్యను గుర్తించాయి. 2012 ఏప్రిల్ 7 నాటి జీవో 168 సెల్లార్‌ను సరిహద్దు నుంచి దూరం జరపాలని చెప్పింది. 1000 చదరపు మీటర్ల వరకు ఉన్న స్థలంలో కనీసం 1.5 మీటర్లు, 2000 వరకు 2 మీటర్లు, అంతకు మించితే 3 మీటర్లు వదలాలి. ప్రతి అదనపు సెల్లార్ అంతస్తుకు మరో అర మీటరు కలపాలి. ఈ ఖాళీ కేవలం గాలికీ వెలుతురుకూ కాదు. గోడ వెనుకకు వెళ్లి దాన్ని చూసుకోవడానికీ, నీటికాలువ వేయడానికీ మిగిలే ఏకైక చోటు అదే. అంతకుముందు సరిహద్దుకు ఆనించి కట్టిన భవనాలకు ఆ అవకాశం లేదు.

6. గోడ మీద బరువు

మట్టి గోడను ఎంత బలంతో తోస్తుందో లెక్కించే పద్ధతిని ఫ్రాన్సులో కూలుంబ్ 1776లో, బ్రిటన్‌లో ర్యాంకిన్ 1857లో రూపొందించారు. ఆ పద్ధతిలో ఒక చిన్న లెక్క వేసుకుంటే విషయం తేటపడుతుంది.

గోడ ఎత్తు 3 మీటర్లు. వెనుక ఉన్న పూడికమట్టి పొడిగా ఉన్నప్పుడు ఘనపు మీటరుకు 1.8 టన్నులు, తడిసి నిండినప్పుడు 2 టన్నులు తూగుతుంది. ఇటువంటి మట్టి నిలువుబరువులో సుమారు మూడోవంతు అడ్డంగా తోస్తుందనుకుందాం. పొడిగా ఉన్నప్పుడు మీటరు పొడవు గోడ మీద పడే తోపు 2.7 టన్నులు. వాన పడి నీరు పైదాకా నిలిస్తే మట్టి తోపు 1.5 టన్నులకు తగ్గుతుంది, నీరు స్వయంగా 4.5 టన్నులు తోస్తుంది. మొత్తం 6 టన్నులు. అంటే గోడ మారలేదు, మట్టి మారలేదు, నీరు చేరినందువల్ల భారం రెట్టింపు దాటింది. లోతు రెండింతలైతే ఈ తోపు నాలుగింతలవుతుంది. పైకప్పు ఆనికవల్ల గోడ ఏమాత్రం కదలలేనప్పుడు మట్టి తోపు ఇంకా ఎక్కువే.

గ్రానైటు నేలలో మరో విశేషం ఉంది. గట్టిబండను తొలిచి సెల్లార్ కట్టినప్పుడు బండ గోడను తోయదు. బండకూ గోడకూ మధ్య మిగిలిన సందులో పోసిన పూడిక, అందులో నిలిచిన నీరు తోస్తాయి. బండ నీటిని పోనివ్వదు కనుక ఆ సందు రాతితొట్టి అవుతుంది. ‘బండ మీద కట్టాం, భయం లేదు’ అన్న మాట పునాది విషయంలో నిజం. గోడ విషయంలో అది సగం నిజమే.

హైదరాబాదుకు ఏడాదికి సగటున సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో సుమారు 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13, 14 తేదీల నడుమ సుమారు 19 సెంటీమీటర్లు కురిసింది. అమీర్‌పేటకు పొరుగునే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం లెక్క ఇది. గోడను సగటు వానకు కట్టి లాభం లేదు.

7. పగుళ్లను చదవడం

శాసనపాఠం చదివేవారు అక్షరరూపాన్ని బట్టి కాలాన్ని గుర్తించినట్టు, పగులు రూపాన్ని బట్టి కారణాన్ని గుర్తించవచ్చు. గోడ మధ్య ఎత్తున అడ్డంగా సాగి, అక్కడే లోపలికి ఉబ్బు కనిపిస్తే అది వెనుకనుంచి వచ్చే తోపు. మేస్త్రీలు ‘గోడకు పొట్ట వచ్చింది’ అనేది దీన్నే. పైభాగం ముందుకు ఒరిగితే పైన ఆనిక చాలలేదని అర్థం. మూలల దగ్గర మెట్లు మెట్లుగా ఏటవాలుగా సాగే పగులు పునాది ఒక వైపు కుంగినదానికి గుర్తు. కాంక్రీటులో వెంట్రుకవాసి నిలువు పగుళ్లు ఎక్కువగా ఆరేటప్పుడు కుదించుకుపోవడం వల్ల వస్తాయి. ఇనుపచువ్వ దారినే సాగి తుప్పురంగు కార్చే పగులు చువ్వ తినేయబడుతోందని చెబుతుంది. తెల్లని ఉప్పుపూత నీరు ఆ దారిన నడిచి ఆరిందనడానికి సాక్ష్యం.

పగులు ఉందా లేదా అన్నదాని కంటే అది పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. పగులు రెండు కొసల వద్ద పెన్సిలుతో గీత గీసి తేదీ వేయడం, పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్క అంటించి అది విరుగుతుందేమో చూడటం, తాపీమేస్త్రి గుండు వేలాడదీసి ఉబ్బును నెలనెలా కొలవడం పెద్ద ఖర్చులేని పద్ధతులు. ఊట ఎక్కడినుంచో కూడా కాలమే చెబుతుంది. వానాకాలంలోనే వస్తే వాననీరు. నల్లా నీళ్లు వదిలే రోజున పెరిగితే సరఫరా గొట్టం కారుతోంది. ఏడాది పొడవునా వాసనతో వస్తే మురుగుకాలువ. ఒక ఏడాది పాటు ఇలా రాసిపెట్టిన పట్టిక ఇంజనీరుకు ఎంతో విలువైన ఆధారం.

8. మరమ్మతు: వరస తప్పని పని

మరమ్మతుల్లో జరిగే ప్రధాన దోషం వరస తప్పడం. లోపలివైపు పూత పూసి నీరు కనిపించకుండా చేస్తే గోడ వెనుక మట్టం పెరుగుతుంది, తోపు పెరుగుతుంది. అంటే తూము మూసి కట్టకు సున్నం వేసినట్టు.

మొదటి పని నీటిని గోడ దాకా రానీయకపోవడం. మేడమీది వాననీటి గొట్టాలను దూరంగా మళ్లించడం, ఆవరణ వాలును బయటికి తిప్పడం, కారే గొట్టాలను బాగుచేయడం ఇందులోకి వస్తాయి. రెండో పని చేరిన నీటికి దారి ఇవ్వడం. గోడ అడుగుభాగంలో రంధ్రాలు వేసి, వెనుక మట్టి కొట్టుకురాకుండా జల్లెడలా పనిచేసే కంకర లేదా వడపోత వస్త్రం ఉంచి, వచ్చిన నీటిని కాలువ ద్వారా గుంటకు చేర్చి తోడాలి. తోడే నీరు తేటగా ఉండాలి. బురదగా వస్తే గోడ వెనుక, అంటే పొరుగింటి పునాది కింద, మట్టి ఖాళీ అవుతోందని గ్రహించి వెంటనే ఆపాలి.

మూడోది పగులు పూడ్చడం. కదలిక ఆగిన పొడి పగులుకు ఎపాక్సీ, నీరు కారుతున్న పగులుకు పాలీయురెథేన్, రాతికట్టుబడిలోని ఖాళీలకు పల్చని సిమెంటుపాలు ఎక్కిస్తారు. నాలుగోది బలం చేర్చడం. కాంక్రీటు ఊతగోడలు, పాత గోడకు చువ్వలతో కలిపి లోపల పోసే కొత్త గోడ, నేలనుంచి పైకప్పు దాకా నిలబెట్టే ఉక్కుదూలాలు, కార్బన్ నారపట్టీలు ఇందుకు మార్గాలు. బాగా ఉబ్బిన గోడకు పట్టీలు అంటించి ఊరుకోవడం చాలదు. పైకప్పుకు తాత్కాలిక ఊతం ఇచ్చి ఆ భాగాన్ని ముక్కలు ముక్కలుగా తిరిగి కట్టవలసి రావచ్చు.

ఉత్తర అమెరికాలో నేల గడ్డకట్టే లోతుకు దిగువన పునాది వేయాలి కనుక ఇళ్లకు నేలమాళిగలు సామాన్యం. అక్కడ ఉబ్బిన గోడను పెరట్లో పాతిన లంగరుకు ఉక్కుకడ్డీతో బిగించడం వాడుకలో ఉన్న పద్ధతి. అమీర్‌పేటలో పెరడే లేదు. గోడ అవతల ఉన్నది మరొకరి స్థలం. బండలోకి లంగరు దించాలన్నా అది సరిహద్దు దాటుతుంది కనుక పొరుగువారి అనుమతి కావాలి. కాబట్టి ఇక్కడ మరమ్మతు ఎక్కువగా లోపలినుంచే జరగాలి, అందుకు ఒకటి రెండు వాహనాల చోటు వదులుకోవాలి. చాలా భవనాల్లో మరమ్మతు ఆగేది ఈ లెక్క దగ్గరే.

మరో హెచ్చరిక అవసరం. వరదలో సెల్లార్ నిండినప్పుడు లోపలి నీరు బయటి తోపుకు ఎదురు నిలుస్తుంది. వాన వెలిసిన వెంటనే పెద్ద మోటార్లు పెట్టి ఒక్కసారిగా తోడేస్తే ఆ ఆనిక పోయి, నానిన మట్టి గోడను కూల్చవచ్చు. బయటి మట్టం తగ్గేకొద్దీ అంచెలంచెలుగా తోడాలి.

9. గోడకు ఇరువైపులా మనుషులు

గోడ పగిలినప్పుడు నష్టం యజమానికే పరిమితం కాదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదులకు తవ్విన గుంతల కారణంగా అయిదు అంతస్తుల భవనం ఒరిగింది. మరునాడే దాన్ని కూల్చవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లార్ తవ్వకంలో మట్టిపెళ్లలు విరిగిపడి ముగ్గురు కూలీలు మరణించారు. 2024 జులై 27న ఢిల్లీలో ఒక శిక్షణకేంద్రపు నేలమాళిగలోకి వీధివరద దూసుకువచ్చి ముగ్గురు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. కారణాలు వేరువేరు. అయితే మూడింటిలోనూ ప్రమాదం పాలైనవారికి ఆ గోడల గురించి, ఆ తవ్వకాల గురించి నిర్ణయించే అధికారం లేదు.

నేలమాళిగ గోడ మరమ్మతు పౌరజీవితానికి సంబంధించిన విషయం కావడానికి కారణం ఇదే. పగులును చూసేవాడు కాపలాదారు. ఖర్చు నిర్ణయించేవారు పై అంతస్తుల వారు. నీరు వచ్చేది పొరుగు స్థలం నుంచి. ఈ ముగ్గురూ ఒకచోట కూర్చోకుండా గోడ బాగుపడదు. ఒకప్పుడు చెరువు మరమ్మతు ఆయకట్టు రైతులందరి పనిగా ఉండేది. ఆ ఉమ్మడితనం సెల్లార్‌కు ఇంకా రాలేదు.

10. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల నేల వాలు, బండ మీద నడిచే జాలు, పూడికసందుల్లో నిలిచే నీరు కలిసి సెల్లార్ గోడలను తోస్తున్నాయి. రెండోది, చెరువుకట్ట, దిగుడుబావి వంటి పూర్వపు కట్టడాల్లో ఈ నీటికి దారి ఉంది, ఆ జ్ఞానం తూము, మత్తడి, జాలు వంటి మాటల్లో నేటికీ మిగిలి ఉంది. మూడోది, పగులును మూయడం మరమ్మతులో మూడో మెట్టు మాత్రమే.

నగరచరిత్ర పరిశోధకులు భవనాల ముఖభాగాలతో పాటు వాటి అడుగుభాగాలనూ నమోదు చేయవలసి ఉంది. ఏ కాలనీలో ఏ ఏట ఏ గోడ పగిలింది, ఎలా బాగుచేశారు అన్న వివరాలు మేస్త్రీల, కాపలాదారుల జ్ఞాపకాల్లో ఉన్నాయి. వాటిని సేకరించడం మౌఖికచరిత్రకు చెందిన పని, తెలుగు శాఖలు చేయగలిగిన పని. నేను చదువుకున్న గదిలో ఆ కుర్రవాడు తన చాపను ప్రతి వానాకాలం గోడకు కొంచెం దూరంగా జరుపుకునేవాడు. ఆ గోడ గురించి అందరికంటే ముందు తెలిసినవాడు అతడే.